నట్టనడుమ గంగులప్ప మామ

మనిషిని చంపాలంటే కత్తో విషమో కావాలని మీరు అనుకుంటూ ఉంటారు. అదంతా పాతకాలం పద్ధతి. నేను మా సొంత మేనమామను వెబ్‌పేజీలో రెండు ముక్కలు రాసి చంపేశాను. ఆయన చచ్చిన సంగతి ఆయనకు తప్ప రామసముద్రం నుంచి కుప్పం దాకా అందరికీ తెలిసిపోయింది. దండలొచ్చాయి, ఏడుపులొచ్చాయి, మా అక్క పెండ్లి ఆగిపోయేదాకా వచ్చింది. ఇంత ఘనకార్యం ఇంకొకరు చెబితే నాకు నామోషీ కాబట్టి నేనే చెబుతున్నా, వినండి.

ముందు నా గొప్పలు. పేరు రెడ్డెమ్మ, ఊరు పుంగనూరు. రోజూ బస్సెక్కి మదనపల్లె వెళ్లి బాషన్న ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా పనిచేసేదాన్ని. పుట్టినరోజులు, జాతరలు, పార్టీలో చేరికలు, నివాళులు, ఏదైనా సరే నా మౌస్ కిందనుంచే పోవాలి. మా వైపు మనిషి మర్యాద ఎంతో ఫ్లెక్సీలో అతని తలకాయ సైజును బట్టి చెప్పేయొచ్చు. నడుమ పెద్ద తల ఎవరిది, పక్కన చిన్న తల ఎవరిది, అంచున గుండ్రంలో ఇరుక్కున్న తల ఎవరిది అనే లెక్క తప్పిందా, అన్నదమ్ములు విడిపోతారు. ఆ లెక్క తప్పకుండా తలలు సర్దడంలో నన్ను మించినవాళ్లు లేరని నా అభిప్రాయం. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు చూడండి, ఆ విస్తరికి చేతిలో మౌస్ కూడా ఇస్తే నాలాగే ఉంటుంది.

అలాంటి నేను మా అక్క నిశ్చితార్థం ఫ్లెక్సీలో మామను అంచున పెట్టాను. పెట్టినా ఫర్వాలేకపోయేదేమో. కట్టినవాళ్లు ఆ అంచును కరెంటు స్తంభానికి చుట్టి కట్టారు. దాంతో మామకు ఒక కన్ను రోడ్డు వైపు, రెండో కన్ను స్తంభం వెనక వైపు వచ్చాయి. మామ వచ్చి ఆ స్తంభం చుట్టూ ప్రదక్షిణం చేసి తన ముఖాన్ని తాను పూర్తిగా చూసుకున్నాడు. తర్వాత ఎంగిలి కూడా పడకుండా బస్సెక్కి రామసముద్రం వెళ్లిపోయాడు.

గంగులప్ప మామ అంటే మామూలు మనిషి కాదు. బోరు పాయింట్లు పెడతాడు. అంటే అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేనంతా నడుస్తాడు. నేల కింద నీళ్లున్న చోట ఆ టెంకాయ దానంతట అదే లేచి నిలబడుతుందట. అక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయి. పడకపోతే రైతు మనసులో అనుమానం ఉందని అర్థం. మామ నమ్మకం మామది. ఆ పనిలో ఉన్నప్పుడు ఫోను ఆఫ్ చేసేస్తాడు. ఫోనులో కరెంటు టెంకాయను తికమక పెడుతుందని ఆయన సిద్ధాంతం.

అలాంటి మామ అలిగాడు. పెండ్లికి రానన్నాడు. ఇక్కడే మా ఇంట్లో పొయ్యి ఆరిపోయినంత పనైంది. మా వైపు పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామే మోసుకొచ్చి పీటల మీద దించాలి. మా అమ్మకు ఉన్నది ఒక్కడే అన్న. ఆయన రాకపోతే గంప మోసే చెయ్యి లేదు.

అమ్మ ఫోనులో ఏడ్చింది. “అన్నా, పిల్లను గంపలో నువ్వు దింపకుంటే ఇంగెవురు దింపేది? నా మొగం సూసైనా రాన్నా.”

“స్తంబం ఎనకాల ఉండేవోడు గంప యాడ మోస్తాడు లే మే. ఆ స్తంబాన్నే మొయ్యమను,” అన్నాడు మామ.

అమ్మ ఏడుపు చూడలేక ఫోను లాక్కున్నాను. “మామా, తప్పు నాది. అక్క పెండ్లికి కాగితం కార్డు కాదు, ఫోనులో తెరిచే వెబ్‌పేజీ చేస్తాండా. దాంట్లో నిన్ను పెడతా. అంచున కాదు, నట్టనడుమ!”

“నట్టనడుమంటే?”

“పైనుంచి కొలిచినా, కిందనుంచి కొలిచినా, అటునుంచి కొలిచినా, ఇటునుంచి కొలిచినా మధ్యలోనే.”

“అంగుళం పక్కకు పొయినా రాను పాపా. బోరైనా అంతే, మనిషైనా అంతే. అడుగు పక్కకు పోతే దుమ్మే వచ్చేది.”

అలా మా అక్క పెండ్లి నా చేతిలో, నా చెయ్యి ఇంటర్నెట్‌లో పడ్డాయి. అప్పటికి నేను వెబ్‌పేజీలు చేయడం వీడియోలు చూసి నేర్చుకుంటున్నా. నేర్చుకుంటున్నా అంటే, ఎరుపు రంగు ఎలా వేయాలో తెలుసు. పేజీలో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎంత లావుండాలి, ఏ రంగు చొక్కా తొడుక్కోవాలి అని చెప్పే భాషను సి.ఎస్.ఎస్. అంటారు. వినడానికి పెండ్లిలో పెద్దమనిషి పనిలా ఉంటుంది. పెద్దమనిషి మాట ఎవరూ వినరన్న సంగతి కూడా అచ్చం అలాగే ఉంటుంది.

మొదట ‘టెక్స్ట్ అలైన్ సెంటర్’ అని రాశాను. మామ అటూ ఇటూ మధ్యకు వచ్చాడు గానీ పైకప్పుకు బల్లిలా అతుక్కున్నాడు. ‘వర్టికల్ అలైన్ మిడిల్’ అని రాశాను. పేరులోనే మిడిల్ ఉంది కదా, ఇంకేం కావాలి? మామ చీమంత కూడా కదల్లేదు. పక్కన ప్రింటరులో ఎవరిదో పుట్టినరోజు దూరుతుంటే బాషన్న నా వెనక నిలబడి చూశాడు.

“మౌస్‌తో పట్టి కిందికి లాగు రెడ్డెమ్మా. దీనికింత అవస్త యాల?”

“లాగేది కాదన్నా ఇది. సెప్పాల.”

“ఎవురికి?”

“కంప్యూటరుకు.”

“సెప్తే వినేదైతే మన ప్రింటరుకు నేను రోజూ దండం యాల పెడతా?” అని వెళ్లి ప్రింటరుకు దండం పెట్టుకున్నాడు.

తర్వాత వీడియోలో ఒకాయన ‘పొజిషన్ ఆబ్సల్యూట్’ అని రాసి, పైనుంచి యాభై శాతం, ఎడమనుంచి యాభై శాతం అని చెప్పమన్నాడు. చెప్పాను. యాభై, యాభై! ఇంతకంటే న్యాయమైన పంపకం కోర్టులో కూడా జరగదు. సరిగ్గా ఆ రోజే మామ మదనపల్లె సంతకు వచ్చినవాడు తనిఖీకి షాపులోకి దిగాడు. సంచిలోనుంచి టెంకాయ తీశాడు. కుర్చీ కూడా అడగకుండా నా కంప్యూటరు ముందు నిలబడి, అరచేతిలో టెంకాయ పెట్టుకొని స్క్రీను మీద అటూ ఇటూ తిప్పాడు. బ్యానరు కోసం వచ్చిన ఇద్దరు కస్టమర్లు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు.

టెంకాయ లేవలేదు.

“నేను కుడిపక్కకు జారిపొయినా పాపా. మూల మాత్రమే మధ్యలో ఉండాది, మనిషి లేడు,” అన్నాడు మామ.

నిజమే. ఆ యాభై యాభై లెక్క ఫోటో ఎడమ పైమూలకు వర్తిస్తుందట. మూల వచ్చి నడుమ కూర్చుంటే మిగతా మామంతా కుడివైపుకు వేలాడుతున్నాడు. నాకేం తెలుసు? ఫ్లెక్సీలో మనిషిని పట్టి లాగితే మనిషంతా వస్తాడు, మూల ఒక్కటే రాదు.

మళ్లీ వీడియోలు. నీ ఒళ్లు ఎంతుందో అందులో సగం వెనక్కి జరుగు, సగం పైకి జరుగు అని విడిగా చెప్పాలని తెలిసింది. చెప్పాను. ఈసారి మామ స్క్రీనులోనే లేడు! వెతగ్గా వెతగ్గా పేజీ బాగా కిందకు తోస్తే ‘విందు’ అని రాసిన చోట అన్నం కోసం కూర్చున్నట్టు కనిపించాడు. ఈలోగా విందు, మండపం అన్నీ చేర్చి పేజీని పొడవు చేశాను కదా, ఆ పొడవంతటికీ మధ్య అక్కడికి వచ్చింది. తనిఖీకి మామ మళ్లీ వస్తే ఏమంటాడో నాకు తెలుసు. “నిశ్చితార్తంలో బువ్వ తినకుండా పొయినానని ఎత్తిపొడస్తాండావా?” అంటాడు.

ఇక లాభం లేదని వీడియో కింద కామెంట్లన్నీ చదివాను. అందులో ఒక పుణ్యాత్ముడు, వాడి కంప్యూటరు కాలిపోను, ‘పొజిషన్ ఫిక్స్‌డ్ అని రాయండి, ఏ ఫోనులో తెరిచినా స్క్రీనుకు నట్టనడుమ ఉంటుంది’ అని రాశాడు. రాశాను. ఎవరూ మామ మీదికి రాకుండా జెడ్ ఇండెక్స్ అని ఒకటుంటుంది, ఎవరి మీద ఎవరు అని చెప్పేది, దానికి నా కీబోర్డులో ఎన్ని తొమ్మిదులు పడితే అన్ని తొమ్మిదులు కొట్టాను. తెరిచి చూస్తే, అబ్బ! కంప్యూటరులో నట్టనడుమ. నా ఫోనులో నట్టనడుమ. బాషన్న పగిలిన ఫోనులో కూడా, ఆ పగులు సరిగ్గా ముక్కు మీదుగా పోయేటట్టు నట్టనడుమ.

అందం కోసం మామ చుట్టూ బంతిపూల రింగు కూడా వేశాను. “ఆ పూలు యాడివి?” అన్నాడు బాషన్న.

“నివాళి ఫోల్డర్లోవన్నా. బాగుండాయి గదా?”

“బాగుండాయి. బతికినోళ్లకంటే సచ్చినోళ్లకే మనం మంచి పూలు పెడతాం,” అని నిట్టూర్చి వెళ్లిపోయాడు. ఆ నిట్టూర్పుకు అర్థం నాకు అప్పుడే తెలిసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మామ మళ్లీ వచ్చాడు. టెంకాయ పెట్టాడు. ఈసారి లేచి నిలబడింది! మామ వేలు కొంచెం సాయం చేసినట్టు నాకు అనుమానం, కానీ నోరెత్తలేదు. “వస్తా పెండ్లికి. గంప నేనే మోస్తా,” అన్నాడు మామ. అమ్మకు ఫోను చేసి చెబితే అటువైపు ఏడుపు, ఇటువైపు నా ఏడుపు. ఆ సంతోషంలో పేజీ లింకును రెండు వైపుల బంధువులకూ పంపించేశాను.

ఇప్పుడు మీరు అడగాలి, పంపే ముందు వేలితో కిందకు తోసి చూశావా అని. చూడలేదండీ! ఎందుకు చూస్తాను? ఫ్లెక్సీవాళ్ల కన్ను అది. కింద నిలబడి ఒకసారి తలెత్తి చూస్తాం, పని అయిపోయింది. ఫ్లెక్సీని వేలితో పైకి తోసి చూసేవాడు మదనపల్లెలో నాకింతవరకు కనబడలేదు.

మొదటి ఫోను కుప్పం నుంచి వచ్చింది. పెండ్లికొడుకు నాయన మునిరత్నం గారు. వాళ్లది కుప్పం పక్క గుడుపల్లె దగ్గర పల్లె, ఆయన చాలా నెమ్మదస్తుడు. “అమ్మా, పేజీ సూసినాము. బాగుండాది. అయితే మా వోడు యాడ?”

“కిందికి తొయ్యండి మామయ్యా, వస్తాడు.”

“తోసినాం గదమ్మా. ఎంత తోసినా ఆ పూలల్లో ఉండే పెద్దాయనే వస్తాండాడు. మా అమ్మ కన్నీళ్లు పెట్టుకుంటాండాది, పెండ్లికొడుకును మార్చేసినారా అని.”

అప్పుడు తోసి చూశాను. ఫిక్స్‌డ్ అంటే అర్థం అదన్నమాట! పేజీ పైకి పోతున్నా కిందకు పోతున్నా మామ మాత్రం గుడిలో మూలవిరాట్టులా స్క్రీను నడుమ కదలకుండా ఉన్నాడు. అక్క ఫోటో వస్తే పట్టుచీర అక్కది, ముఖం మామది. పెండ్లికొడుకు వస్తే సూటు అతనిది, మీసం మామది. ముహూర్తం మామ కింద, మండపం పేరు మామ కింద, దారి చూపే మ్యాపు కూడా మామ గడ్డం కింద. పెండ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నవాళ్లను విన్నాం గానీ, మామను నెత్తిన పెట్టుకున్నవాళ్లను మీరు చూడటం ఇదే మొదటిసారి అయ్యుండాలి.

అక్క చెప్పు తీసుకుంది. “ఆయన్ను తీస్తావా, నన్ను సావమంటావా?”

అమ్మ అడ్డం పడింది. “తియ్యొద్దే! మా అన్న ఊరంతా సూపించుకుంటాండాడు. నన్ను పైకి తోసినా ఈడే ఉంటా, కిందికి తోసినా ఈడే ఉంటా అని మురిసిపోతాండాడు. తీసేస్తే ఇంగ ఈ జన్మలో నా గడప తొక్కడు!”

ఉంచితే కుప్పం అలుగుతుంది, తీస్తే రామసముద్రం అలుగుతుంది. పాము చావకూడదు, కట్టె విరగకూడదు. నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. మామను తీయను, కదపను. పలచన చేస్తాను! ఫోటోను నీళ్లు కలిపిన మజ్జిగలా వెలిసిపోయేటట్టు చేసి అందరి వెనక్కి పంపేస్తే, మామ నడుమే ఉంటాడు, ఆయన మీదుగా అక్షరాలూ కనిపిస్తాయి. చేశాను. అక్క ముఖం అక్కకు వచ్చింది, పెండ్లికొడుకు మీసం పెండ్లికొడుక్కి వచ్చింది. మునిరత్నం గారు కూడా బాగుందమ్మా అన్నారు. నా తెలివికి నేనే దిష్టి తీసుకుందామా అనుకుంటూ మర్నాడు పొద్దున షాపుకు పోయాను.

పది దాటాక రామసముద్రం నుంచి సుబ్బన్న వచ్చాడు. మామ ఇంటి పక్కింటాయన. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“పాపా, ఒక నివాళి ఫ్లెక్సీ కావాల. పెద్దది. నడుమ ఆయన ఫోటో, కింద మా ఈదిలో వాళ్ల ఫోటోలు. నాది ఒక్కటి కొంచెం పెద్దదిగా పెట్టు.”

“ఎవురు పొయినారన్నా?”

సుబ్బన్న నన్ను జాలిగా చూశాడు. “నీకింకా సెప్పలేదా పాపా? మీ గంగులప్ప మామేనమ్మా.”

నిన్న మొన్న టెంకాయ పట్టుకొని ఇక్కడే నిలబడిన మనిషి! నిజంగానే ఏడ్చాను. బాషన్న ప్రింటరు ఆపేసి నీళ్లు తెచ్చిచ్చాడు. ఆ ఏడుపులోనే అడిగాను. “ఎప్పుడన్నా? ఎట్ల?”

“ఎట్లనో తెలీదమ్మా. నీ పేజీలోనే గదా సూసింది మేము.”

ఏడుపు టక్కున ఆపేశాను. “నా పేజీలోనా?”

సుబ్బన్న ఫోను తీసి చూపించాడు. ఫ్లెక్సీవాళ్ల కన్నుతో కాకుండా మామూలు మనుషుల కన్నుతో నేను ఆ పేజీ చూడటం అదే మొదలు. నట్టనడుమ ఒక్కడే మనిషి, కిందికి తోస్తే గానీ అక్కా పెండ్లికొడుకూ రారు. చుట్టూ బంతిపూలు. ముఖం వెలిసిపోయి ఆకాశంలో కలిసిపోతున్నట్టు ఉంది. దాని కింద సకుటుంబంగా రమ్మని, ఫలానా రోజు భోజనాలని రాసి ఉంది. ఇది చచ్చినవాళ్ల దివసాల పత్రిక కాదు, పెండ్లి పత్రిక అని చెబితే నేనే నమ్మను. నా చేత్తో ఎన్ని నివాళులు చేశానో! మా వైపు ఒంటరిగా నట్టనడుమ కూర్చునే మర్యాద చచ్చినవాళ్లకే దక్కుతుందని నాకు తెలియక కాదు, తట్టక.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయితే ఎంతో మేలు. నేను మామను నడుమ పెట్టబోతే మెడలో దండ పడింది.

అత్తకు ఫోను చేశాను. అత్త గొంతు బొంగురుపోయింది. “ఏందే ఇది? పొద్దున్నుంచి దండలు తెస్తాండారు! మీ మామ సంగటి తిని తంబళ్లపల్లె తట్టుకు పాయింటు సూడను పొయినాడు అని సెప్తే, పాపం షాకులో ఉండాదని నా తల నిమురుతాండారు. ఇద్దరు నన్ను కూర్చోబెట్టి గాలి ఇసురుతాండారు!”

“మామకు ఫోను సెయ్యత్తా!”

“టెంకాయ చేతిలో ఉంటే ఆయన ఫోను తియ్యడు గదే!”

అంతలో అమ్మ ఫోను. మామ పోయాడన్న మాట తెల్లారేసరికే కుప్పం చేరింది. మునిరత్నం గారు, ఆయన తల్లి ముసలమ్మ కారేసుకొని పుంగనూరులో మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. వెనకనుంచి ముసలమ్మ గొంతు వినిపిస్తోంది. “తల్లికి సొంత అన్న పొయినాడంటే అంటు గదప్పా. అంటులో తాళి ఎట్ల కట్టేది? ముగూర్తం మార్చల్ల. ఇంగ శుబముగూర్తాలు కార్తీకానికే ఉండేది.”

“మా అన్న బతికే ఉండాడమ్మా, దేవుని మీద ఆన!” అని అమ్మ.

“అట్లయితే సూపీ. సాయంత్రం లోగా సూపీ. లేకుంటే మేం పందిరెయ్యము.”

అక్క ఏడుపు నాకు ఫోనులో వినబడింది. రాత్రి దాకా చెప్పు పట్టుకొని నా వెంటపడిన మనిషి, ఇప్పుడు ఊరికే ఏడుస్తోంది. అది విన్నాక నాకు నా మీద ఎంత కోపం వచ్చిందంటే, చెప్పు తీసుకొచ్చి నేనే అక్క చేతికి ఇద్దామనిపించింది.

బాషన్న బండి తీశాడు. సుబ్బన్న ఇంకా ఫ్లెక్సీ ఆర్డరు చెబుతూనే ఉన్నాడు. “అన్నా, ఆయన బతికుండాడన్నా!” అన్నాను. “అట్లనా! మంచిదే. అడ్వాన్సు ఇవ్వలేదులే,” అన్నాడు సుబ్బన్న, కొంచెం దిగులుగానే.

తంబళ్లపల్లె తట్టు చేలల్లో మనిషిని వెతకడం ఎంత కష్టమో అనుకున్నాం గానీ, గంగులప్పను అడిగితే దారిపొడవునా చెప్పారు. ఒకడు “ఆయన పొయినాడంట గదా, ఇంతకుముందే ఈ దోవన పోతా నాకు చెప్పినాడే పాయింటుకు పోతాండానని!” అని అదిరిపడ్డాడు. ఒక చెనక్కాయల చేనులో మామ కనిపించాడు. కళ్లు మూసుకొని, అరచేతిలో టెంకాయతో, బతికి, నిక్షేపంగా నడుస్తున్నాడు. వెనక రైతు చేతులు కట్టుకొని నడుస్తున్నాడు.

“మామా! నువ్వు సచ్చిపొయినావు మామా!” అని అరిచాను.

మామ కళ్లు తెరిచాడు. చెప్పింది విన్నాడు. ముఖం జేవురించింది. “నన్నే సంపినారా! నడుమ పెడతానని పిలిచి సంపినారా!” అన్నాడు. కాసేపు ఊపిరి పీల్చుకొని గొంతు తగ్గించి అడిగాడు. “ఎవురెవురు ఏడ్చినారు?”

“సుబ్బన్న కళ్లు ఎర్రగా ఉండాయి మామా. ఇంటి నిండా దండలంట.”

“సుబ్బడు కూడానా?” అని మీసం కింద నవ్వాడు. “ఏమని ఏడ్చినారు?”

“నువ్వు పెట్టిన పాయింట్లో నీళ్లు పడనిది లేదంటాండారంట.”

ఇది నేను కల్పించి చెప్పాను. అక్కడ నిలబడిన రైతు నా వైపు అదోలా చూశాడు.

వీడియో కాల్ చేశాను. అటువైపు పుంగనూరులో అమ్మ, అక్క, మునిరత్నం గారు, ముసలమ్మ ఒకే ఫోనులో తలలు దూర్చారు. ఇటువైపు నేను ఫోను పట్టుకున్నా. అలవాటుగా, నా చేతులు విరిగిపోను, మామను ఫ్రేముకు సరిగ్గా నట్టనడుమ పెట్టాను.

“నేను బతికే ఉండా,” అన్నాడు మామ గంభీరంగా.

ముసలమ్మ కళ్లు చికిలించింది. “ఇది ఆ ఫోటోనే గదా?”

“ఫోటో మాట్లాడదమ్మా,” అన్నారు మునిరత్నం గారు.

“ఇప్పుడు ఫోటోలు మాట్లాడతాండాయి, పాటలు గూడా పాడతాండాయి. మన పక్కింటి పిల్లోడు మొన్న వాళ్ల తాత ఫోటోతో డాన్సు ఎగిరించినాడు. సూడు, మొన్నట్లనే నడిమద్యలో ఉండాడు. ఎంత తోసినా కదల్లే గదా ఆయప్ప. బతికుంటే పక్కకు జరగమను!”

“మామా, పక్కకు జరుగు మామా,” అన్నాను.

మామ జరగలేదు. మెడ ఇంకొంచెం నిటారు చేశాడు. “యాల జరగల్ల? నట్టనడుమ పెడతానని మాటిచ్చింది ఎవురు? స్తంబం ఎనక నిలబడినోణ్ణి పాపా నేను. ఇంగ జరగను.”

“కదల్లే సూడు,” అంది ముసలమ్మ. “ఫోటోనే.”

ఆ ఎండలో నాకు చెమట కూడా ఆగిపోయింది. పేజీలో సి.ఎస్.ఎస్. మాట వినని మామ, ఇప్పుడు మనిషి మాట కూడా వినడం లేదు. పొజిషన్ ఫిక్స్‌డ్! ఇది ఎక్కడ తుడిపేయాలో ఏ వీడియోలోనూ చెప్పలేదు.

అప్పుడు అమ్మ ముఖం ఫోను నిండా వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. “అన్నా, ఆ దినం స్తంబానికి కట్టించింది మాదే తప్పు. నువ్వు యాడ నిలబడితే అదే నాకు నడుమ. పిల్ల కోసరం ఒక్క అడుగు జరుగన్నా,” అంది.

మామ టెంకాయ వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. ఒక అడుగు పక్కకు వేశాడు. ఫ్రేములోనుంచి సగం పోయాడు. ఇంకో అడుగు వేశాడు. స్క్రీనులో ఒక చెవి, అరచెయ్యి, ఆ చేతిలో టెంకాయ మాత్రం మిగిలాయి.

“సగమే కనబడతాండాడు!” అని ముసలమ్మ చప్పట్లు కొట్టింది. “బతికే ఉండాడప్పా! ఫోటో అయితే నిండుగా ఉండేది. పందిరెయ్యండి!”

సరిగ్గా అప్పుడే ఆ టెంకాయ లేచి నిలబడింది. ఈసారి వేలు సాయం లేదు, నేను చూస్తూనే ఉన్నా. రైతు అక్కడే మోకాళ్ల మీద కూర్చొని గుర్తుగా రాయి పెట్టాడు. తర్వాత ఆ చోట బోరు వేస్తే నీళ్లు ఎగజిమ్మాయి. అది మామ గొప్పతనమో, ఆ నేల గొప్పతనమో, రైతు మనసులో అనుమానం లేకపోవడమో నాకు తెలియదు. మామకు మాత్రం తెలుసు. నడుమ ఉన్నంతకాలం దుమ్మే, పక్కకు జరిగితేనే నీళ్లు అని ఆ రోజునుంచి ఆయన కొత్త సిద్ధాంతం.

పెండ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. మామ అక్కను గంపలో ఎత్తుకొని, బరువుకు మీసం వణుకుతున్నా చెదరకుండా తెచ్చి పీటల మీద దించాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నా, పక్కన బాషన్న కూడా తుడుచుకున్నాడు, ప్రింటరు పొగ అన్నాడు, అక్కడ ప్రింటరు లేకపోయినా. తర్వాత ఫోటోలకు పిలిస్తే మామ ఎంత బతిమాలినా నడుమకు రాడు. “అంచునే బాగుండాది లే,” అని పోయి పోయి అంచున నిలబడతాడు. ఇప్పుడు ఆల్బం తెరిస్తే ప్రతి ఫోటోలోనూ మామ ఒక చెవి, ఒక చెయ్యి మాత్రమే ఉంటాయి. అవి చూసి ముసలమ్మ ఇప్పటికీ, “ఎంత బతికిన మనిషప్పా!” అంటుంది.

ఆ తర్వాత నేను పాఠాలు మొదటినుంచి సరిగ్గా నేర్చుకున్నా. నడుమ పెట్టడానికి ఒకే ఒక్క సులువైన మార్గం ఉందట, దాని పేరు కూడా ఫ్లెక్సేనట, నవ్వకండి. పేజీని ఇప్పుడు కిందదాకా తోసి చూస్తాను, మళ్లీ పైదాకా తోసి చూస్తాను.

మొన్న మామ షాపుకు వచ్చి, బాషన్న లేనప్పుడు చూసి, నా చెవిలో చెప్పాడు. “పాపా, ఎప్పుడో ఒక దినం నిజంగా పోతాను గదా. అప్పుడు నా నివాళి ఫ్లెక్సీ నువ్వే చెయ్యల్ల. అయితే నడుమ పెట్టొద్దు. అంచున పెట్టి, ఆ అంచును స్తంబానికి చుట్టి కట్టించు. సగమే కనబడితే, ఆ ముసలమ్మ ఒక్కతి అయినా నేను బతికే ఉండాననుకుంటాది.”

అందుచేత, మదనపల్లెలోని సమస్త ఫ్లెక్సీల సాక్షిగా, బాషన్న ప్రింటరు మీద చెయ్యి పెట్టి, ఇదే నా ప్రమాణం. ఇకమీదట బతికున్న ఏ మనిషినీ, ఎంత బతిమాలినా, ఎంత అలిగినా, నట్టనడుమ పెట్టను. చచ్చినవాళ్లను మాత్రం తప్పకుండా పెడతాను, మా మామను తప్ప.